ఎర్ర పీలిక

స్కూలు మూసేసిన ఏడాది
మా రేవులో మిగిలిన పిల్లలు ముగ్గురే.
ముగ్గురూ మావాళ్ళే.
బెంచీలు పడవెక్కి ఎటో వెళ్ళిపోయాయి.
గంట మాత్రం లియాండర్ అడిగి తెచ్చుకున్నాడు,
కోళ్ళగూటికి వేలాడదీశాడు.

న్యూఫౌండ్‌లాండ్ చలికాలపు పొద్దు
ఎనిమిదింటికి బద్ధకంగా లేచి
నాలుగు దాటగానే ముసుగు తన్నేస్తుంది.
ఆ కాస్త వెలుగులోనే మా చదువంతా.

అంట్లు, కట్టెలు, కోళ్ళు, పొయ్యి బూడిద,
తలుపు వెనక సుద్దతో వంతులు రాశాను.
మంగళవారం చూద్దును కదా,
సెల్బీ పేరు చెరిగిపోయి
ఆ చోట కుక్క పేరు, జిగ్గర్ అని,
ఒక్క అక్షరదోషం లేకుండా.
తిట్టాలో మెచ్చుకోవాలో తేలక
ఇద్దరికీ కలిపి ఒక రొట్టెముక్క ఇచ్చాను.
కట్టెలు వాడే మోశాడు.
కుక్క వెంట నడిచింది.

రొట్టెపిండి పొంగేలోపు ఎక్కాలు.
ఏడో ఎక్కం సగంలో ఎఫీ ఆగిపోతుంది.
చిన్నప్పుడు నేనూ అక్కడే ఆగేదాన్ని.
ఆ సంగతి దానికింకా చెప్పలేదు.

జనవరిలో పెద్దది డోర్కస్
బంగాళాదుంపల గోనెసంచి కుట్లు విప్పి
బొగ్గుముక్కతో మా అఖాతం గీసింది.
పాత బట్టలు పీలికలు చేసి
కొక్కెంతో గుచ్చి లాగి పట్టా చెయ్యాలట.
కొండలకి నా పచ్చ స్వెట్టరు పోయింది,
మా ఇంటికి దిండుగలీబు అంచు.

సముద్రం దగ్గర గొడవొచ్చింది.
ఇంట్లో నీలం అంటే
వాళ్ళ నాన్న పెళ్ళిచొక్కా ఒక్కటే.
“అసలు సముద్రం నీలమని ఎవరన్నారు?” అన్నాడు సెల్బీ.
నా దగ్గర జవాబు లేదు.

నెల్లాళ్ళు పొద్దున్నే
కిటికీ అద్దం మీద మంచు గోటితో గీకి
కనపడ్డ రంగు నోటుబుక్కులో రాశారు.
సీసం. పాచి. మాసిన చెంచా.
ఒకనాడు ఎఫీ “అమ్మ కోపం” అని రాసింది,
నేను దిద్దలేదు.
మంచుగడ్డలు అఖాతమంతా కప్పేసిన వారం
పేజీలు ఖాళీగా వదిలేశారు, అదే సరైన జవాబని.
చివరికి సముద్రం మా అందరి మేజోళ్ళతో తయారైంది,
బూడిదరంగుది, చిల్లులతో సహా.

లియాండర్ మూల కూర్చుని వల బాగుచేసుకుంటూ
అన్నీ చూస్తుండేవాడు.
మాటకింత అని పన్ను కట్టాల్సినవాడిలా ఉంటాడు.
ఒక రాత్రి అంట్ల వంతు తనది.
తడిచేతులు పంట్లానికి తుడుచుకుంటూ వచ్చి
కొక్కెం ఇమ్మన్నాడు.
తన ఎర్ర మఫ్లరు అంచు వేలెడు కోసి
రేవు నోటి దగ్గర, రెండు లంకల నడుమ
ఒకే ఒక్క ముడి గుచ్చి లాగాడు.

“ఇక్కడ రాయుంది.
పాటు బాగా తీసినప్పుడే కనపడుతుంది.”

డోర్కస్ మ్యాపు పుస్తకం పట్టుకొచ్చింది.
“ఇందులో లేదే?”
“లేదు.”
“మరి నీకెలా తెలుసు?”

పొయ్యిలో కట్టె చిటపటమని ఊరుకుంది.

“మా గిడియన్ అన్నకి తెలీదు,” అన్నాడు.
మళ్ళీ వెళ్ళి గిన్నెలు తోమాడు,
ఒకే గిన్నె చాలాసేపు.

పదమూడేళ్ళ కాపురంలో
ఆ పేరు ఆయన నోట వినడం నాకూ అదే మొదలు.

మర్నాడు వంతు ఎవరిదని చూడకుండా
ముగ్గురూ పనులన్నీ చేసేశారు.
ఆ ఒక్కరోజే.
ఎల్లుండికి తలుపు మీద మళ్ళీ కుక్క పేరు.

పట్టా ఇప్పుడు గుమ్మంలో ఉంది.
బూట్ల మంచు, రంపపుపొట్టు, కోళ్ళ మేత
అన్నీ ఆ సముద్రంలోనే రాలతాయి.
చేతుల నిండా కట్టెలున్నా సరే
ఎర్రముడి దగ్గరికొచ్చేసరికి
ఇంటిల్లిపాదీ ఒక అడుగు పక్కకి వేస్తాం.
జిగ్గర్ ఒక్కటే
సరిగ్గా దానిమీదే ముట్టె ఆనించి
నిద్రపోతుంది.