వేలిముద్ర పడలేదు

మూడుసార్లు అద్దాను ఆమె బొటనవేలిని
స్టాంపు ప్యాడు మీద, ఆపైన కాగితం మీద.
మూడుసార్లూ నల్లటి మచ్చే. గీతల్లేవు.
"జీడిసొన తినేసింది బావూ" అంది దమయంతి,
తప్పు తనదన్నట్టు వేలు కొంగులో దాచుకుని.

కాశీబుగ్గలో కోర్టుకి ఎదురుగా, టార్పాలిను కింద
ఇరవై రెండేళ్లు నా టైపు మిషను.
ఇప్పుడు కంప్యూటరు. బల్ల అదే,
దాని కుంటికాలి కింద ఇటుకా అదే.
ఎందరి దెబ్బల్ని డబుల్ స్పేసులో కొట్టానో
లెక్క లేదు. పేజీకింతని తీసుకున్నాను.

ఒకప్పుడు అవతలి పక్షం కౌంటరు
చెప్పకముందే నాకు కంఠతా వచ్చేది:
"సదరు ఇల్లు మామగారి స్వార్జితం.
పిటిషనరుకు అందులో ఎట్టి హక్కూ లేదు."
కింద, పైకోర్టు తీర్పు నంబరొకటి.
ఆ నంబరు పుణ్యాన ఆడవాళ్లు
రేకుపెట్టెలతో మందస బస్సెక్కడం చూశాను.
టైపు చేసిన వేళ్లు నావే.

తర్వాత ఢిల్లీ నుంచి ఇంకో తీర్పొచ్చింది.
సంపతిరావు లాయరు పెన్సిలుతో గీత గీసిచ్చాడు:
పత్రం ఎవరి పేరునున్నా
కోడలు కాపురమున్న ఇల్లు ఆమె ఉండదగ్గ ఇల్లే.
నా బల్ల మీద అది రెండు వరసలు.
ఆ రోజు ఆ వాక్యం రెండుసార్లు కొట్టాను,
ఒకటి పొరపాటున.

"ఆ డిల్లీ ఆవిడెవలు బావూ?" దమయంతి అడిగింది.
"ఆల మావ కూడా పొమ్మన్నాడేటి?
ఇప్పుడా ఇంట్లోనే ఉందా?"
నాకు తెలీదు. తీర్పులో పేరుంది, పేజీలున్నాయి.
గెలిచిన రాత్రి ఎక్కడ పడుకుందో లేదు.

ఏడు వాయిదాలు.
గీతల్లేని ముద్ర ఎవరిదైనా కావచ్చన్నాడు అవతలి లాయరు.
మేజిస్ట్రేటు గారు ఆమెను ముందుకి పిలిచి
అరచేతులు చూపించమన్నారు.
చూసి, చాలాసేపటికి, రాసుకోమన్నారు.

ఆర్డరు పట్టుకుని కానిస్టేబులుతో వెళ్లింది.
తలుపు తీశారు. ఉప్పుడబ్బా మాత్రం దాచేశారట.
"కుడిపక్క గది ఇచ్చినారు. గెడ నోపలే ఉంది."
ఆ గెడ గురించే ఎక్కువ చెప్పింది.
చెయ్యెత్తకూడదనీ ఉంది ఆర్డర్లో. మొగుడు చదవలేదట.
చదివి వినిపించడానికి కానిస్టేబులు మళ్లీ వెళ్లాల్సొచ్చింది.

నిన్నొచ్చింది, పొట్లంలో జీడిబద్దలతో.
ఆర్డరుకి ఇంకో జిరాక్సు కావాలంది.
"నీ కాపీ ఏమైంది?"
"ఉంది. ఇది నాక్కాదు.
మా షెడ్డులో ఓ గుంటుంది.
ఇంట్లో మెట్ల మీద పడిపోనానంటంది.
ఆలింటికి మెట్లే నేవు బావూ."