గాయం కాదు

జూన్ మొదటి సోమవారం
పెన్నులన్నీ గుమ్మం దగ్గరే వదిలేయమంటాను.
లోపలికి పెన్సిల్ ఒక్కటే.
ఈ ఏడు వచ్చిన నలుగురిలో
ఓయ్రిక్ అనే పిల్ల, లూయిస్ దీవి నుంచి,
పెన్సిల్ చెవి వెనక దోపుకుని
"దిద్దుకోగలిగిన దాన్నే లోపలికి రానిస్తారన్నమాట" అంది.
ఇరవై ఆరేళ్లుగా వింటూ, చెబుతూ ఉన్న నియమం
నాకు అట్లా ఎప్పుడూ వినబడలేదు.

ఎడిన్‌బరాలో మా గ్రంథాలయానికి
గుమ్మం వంతెన మీద,
పుస్తకాలు వంతెన కింద.
ఏడంతస్తులు దిగాలి.
అక్కడ వేసవి ఉండదు, పదహారు డిగ్రీలు ఉంటుంది.
చొక్కా చేతులు మడుచుకుని వచ్చిన పిల్లలు
మధ్యాహ్నానికల్లా స్వెట్టర్లు అడుగుతారు.

మొదటి వారమంతా గుండుసూదులు.
తుప్పు పట్టి కాగితంలో వేళ్లూనిన వాటిని
పలచటి ఎముక బద్దతో లేపి
సీసాలో వేయాలి.
ఫింగల్ అనే కుర్రాడు బుధవారానికి లెక్క తేల్చాడు,
నాలుగు వందల పన్నెండు.
చరిత్ర చదవడానికని వచ్చి
దర్జీ కొట్లో చేరానన్నాడు.

రెండో వారం ఫోటోల పెట్టె.
ఒక రేవు. పీపాలు. ఉప్పు.
ముగ్గురు ఆడవాళ్లు
కెమెరాను వదిలేసి
ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నారు.
వేళ్లన్నిటికీ గుడ్డ పేలికలు.
వెనక కార్డు మీద మా వివరణ:
'గుర్తు తెలియని స్త్రీలు. చేతులకు గాయాలు.'

ఓయ్రిక్ చాలాసేపు చూసింది.
తర్వాత తనూ నవ్వింది,
పక్కనెవరో ఉన్నట్టు.
"గాయం కాదండీ ఇది.
గాయం కాకుండా కట్టుకున్న కట్టు.
పిండిబస్తా చింపి, తెల్లవారుజామునే
ఒకరి వేళ్లకొకరు చుట్టుకునేవాళ్లు,
పళ్లతో ముడి బిగించి.
రోజంతా హెర్రింగ్ చేపలు కోసే కత్తి,
ఆపైన ఉప్పు.
మా ముత్తవ్వ గోర్మీలియా
పదహారో ఏట పెట్టె సర్దుకుని
చేపల గుంపు వెనకాలే
రేవు రేవునా దిగుతూ ఇంగ్లండ్ దాకా పోయింది.
నడుస్తూ కూడా ఉన్ని అల్లేదట,
చేతులు ఊరికే ఉంటే నొప్పెడతాయని.
ఈ కార్డు రాసినవాళ్లెవరో
జన్మలో చేప కోసి ఉండరు."

"ఉండరు" అన్నాను.

కార్డు కింది మూలన రెండక్షరాలున్నాయి.
నావే.
అప్పుడు నాకు ఇరవై. ఇట్లాంటి జూనే, ఈ బల్లే.
కట్టు కనిపించింది, గాయం అనుకున్నాను.
సాయంత్రం అయిదులోపు
నలభై ఫోటోలకు వివరణ రాయాలి.
చక్కగా రాశావని మెచ్చుకున్నారు కూడా.

ఆధారం? అని అడిగాను.
అడగడం నా ఉద్యోగం.
ఏ పుస్తకం, ఏ పుట?
తను స్వెట్టర్ చివర ఊడుతున్న దారం లాగి
చూపుడువేలికి చుట్టి చూపించింది.
"ఇట్లా. కణుపు దగ్గర వదిలేయాలి.
వేలు వంగాలి గదా."
భూతద్దం పెట్టి చూశాను.
కనబడ్డ ప్రతి వేలికీ
కణుపు దగ్గర గుడ్డ లేదు.

మా పద్ధతిలో పాత మాటను చెరపరు.
కొత్తది పైన వస్తుంది.
పాతది తేదీతో సహా కిందనే ఉండిపోతుంది,
ఎవరు రాశారో కూడా.
ఆధారం అన్న గడిలో
తన పేరు రాసుకుంటుందనుకున్నాను.
'గోర్మీలియా మెకాలే, చేపలు కోసిన మనిషి'
అని రాసింది.
ఆ గడిలో అంతవరకూ ప్రొఫెసర్లే ఉండేవారు.

ఆ రెండక్షరాలు తను చూసిందో లేదో
నేను అడగలేదు.
ఆగస్టు చివర వెళ్లిపోయే రోజు
పెన్సిల్ నా బల్ల మీద పెట్టి పోయింది.
మొన చెక్కి ఉంది.

'గుర్తు తెలియని స్త్రీలు' అన్న మాట
ఇంకా అట్లాగే ఉంది.
వచ్చే జూన్‌లో
దీవుల నుంచి ఎవరైనా వస్తే
ముందు ఈ పెట్టే ఇవ్వాలి,
సూదులు తర్వాత.