పదహారో నంబరు చొక్కా

ఇరవై ఆరేళ్ళుగా ఈ జట్టు బట్టలు ఉతుకుతున్నాను.
ఎవరెలా ఆడారో నన్నడగండి,
పేపరు చూడనక్కర్లేదు.
మోకాళ్ళ దగ్గర పచ్చిక పసరుంటే వెనకాడనివాడు,
వీపున ఒక్క చోటే మట్టి ఉంటే నటించినవాడు,
మెడ దగ్గర ఉప్పు చారలుంటే
ఎవరూ బంతి అందించకపోయినా
పరిగెత్తుతూనే ఉన్నవాడు.

మొలెఫీ చొక్కా మీద మాత్రం ఏమీ ఉండేది కాదు.
పదహారో నంబరు. రెండో గోలీ.
పదకొండేళ్ళు, నలభై మూడు మ్యాచులు,
అన్నీ బెంచీ మీదే.
మసేరులో చలికాలం,
మలూటి కొండల మీంచి గాలి ఒంటిని కోస్తుంటే
మోకాళ్ళ మీద ఉన్ని దుప్పటి కప్పుకుని
చేతులకి గ్లవ్స్ తొడుక్కునే కూర్చునేవాడు.
ఉతకనక్కర్లేని చొక్కాని నేనూ ఉతికేవాణ్ణి,
మర్యాద కోసం.

ఒకసారి ఆ చొక్కా నిండా బురద.
సంబరపడి అడిగాను, "దింపారా?"
"లేదు, న్తాతె.
వార్మప్‌లో నేనే దొర్లాను.
నా వల్ల నీకు పని లేకుండా పోతోందని."

ఆడనివాడికి ఆట మొత్తం కనపడుతుంది కాబోలు.
ఎడమ బ్యాక్ అలిసిపోతే ముందు సాక్సు జారుతుందని,
తర్వాత చూపు జారుతుందని,
కార్నర్ కిక్కుకి ముందు ఎవడు పెదవి తడుపుకుంటే
బంతి వాడికే వస్తుందని
బూట్ల అట్టపెట్టె చింపి రాసుకునేవాడు.
ఆ ముక్కలు జేబుల్లో మరిచిపోయేవాడు.
నానకముందే తీసి
తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవాణ్ణి.
ఇప్పుడు చెబుతున్నా, కొన్ని చదివాను కూడా.

ఆట మానేశాక, అంటే కూర్చోవడం మానేశాక,
మొకొట్లొంగ్‌లో పిల్లలకి నేర్పాడు.
మైదానం ఏటవాలు.
కింది గోలు తప్పిన బంతి సెంకు నది దాకా పోతే
గాడిదెక్కి వెళ్ళి తేవాలి.
"అందుకే మావాళ్ళు గురి తప్పరు," అనేవాడు.
తర్వాత జైలు వార్డర్ల జట్టు.
తర్వాత పదిహేడేళ్ళ లోపు కుర్రాళ్ళు.
తర్వాత, ఆ జీతానికి ఇంకెవరూ ఒప్పుకోక,
జాతీయ జట్టు.

రేడియోలో నవ్వారు,
ఒక్క నిమిషం ఆడనివాడు కోచా అని.
ఆ పూట లాండ్రీ గదిలోకొచ్చి
వేడి డ్రయ్యర్‌కి వీపు ఆనించి టీ తాగాడు.
రేడియో కట్టెయ్యబోయాను.
కొంచెం గట్టిగా పెట్టమన్నాడు.

నిన్నటి ఆట మీరూ చూసే ఉంటారు.
మూడు, సున్నా. ఎనభై ఆరో నిమిషం.
గోలు వెనకాల గెంతుతూ ఒళ్ళు వేడి చేసుకుంటున్నాడు
కత్లెహో, ఇప్పటి పదహారు.
పేరుకి అర్థం విజయం.
బెంచీ మీద పందొమ్మిదో మ్యాచు.
గట్టు మీద వాడి చెల్లెళ్ళు ముగ్గురూ లేచి నిలబడ్డారు.
అందరం మొలెఫీ వంక చూశాం.
నేనైతే కుర్రాడి ట్రాక్‌సూట్ అందుకోవడానికి
చెయ్యి కూడా చాచాను.

సున్నపు గీత మీద నిలబడ్డాడు మొలెఫీ,
బూటు మొన అటు, మడమ ఇటు.
గడియారం చూశాడు. కుర్రాణ్ణి చూశాడు.
మిడ్‌ఫీల్డ్‌లో ఒకడి సాక్సు జారడం చూశాడు.
మిగిలిన ఒక్క మార్పూ
అక్కడ వాడేశాడు.

గోల్స్ తేడా లెక్కన్నారు కొందరు.
రాతి గుండె అన్నారు కొందరు.
ఎందుకని నేనడగలేదు.
ఈల మోగాక జనం మైదానంలోకి ఉరికారు.
కత్లెహో గ్లవ్స్ విప్పుతున్నాడు,
ఒక్కో వేలూ లాగుతూ,
ఎక్కడా తొందర లేనట్టు.
ఆ విప్పడం నేనెరుగుదును.

రాత్రి పదకొండింటికి తలుపు తట్టాడు.
మెడలో ఎవరో వేసిన కండువా ఇంకా ఉంది.
బుట్టంతా వెతికి పదహారు తీశాడు.
చేతులు పైకి మడిచి తొట్టి ముందు కూర్చుని
రుద్దాడు,
కాలరు, చంకలు, మొసలి బొమ్మ,
నంబరు చుట్టూ.

నీళ్ళు తేటగానే ఉన్నాయి.
సబ్బు మరీ ఎక్కువ వాడాడు.
నేనేమీ అనలేదు.