వాలిన రెక్క వైపు

తలుపు కొలవడం మరిచిపోయాడు హెల్దూర్.

మూడు చలికాలాలు
సౌనా ముందరి ఇరుకు గదిలో
రెక్క పక్కటెముకల్ని ఒక్కొక్కటే దీపానికి అడ్డంపెట్టి
వెంట్రుకవాసి తేడాకి అవతల పారేసినవాడు,
పన్నెండడుగుల పై రెక్కని
ఒకే ముక్కగా అతికించి
గుమ్మం దగ్గరికి తెచ్చాక, అటు తిప్పి ఇటు తిప్పి
తల గోక్కున్నాడు.
ఊళ్ళో ఉత్తరాలు పంచేదాన్ని నేను.
ఆ పూట సంచీ పక్కన పెట్టి
కిటికీని చట్రంతో సహా ఊడబెరికాను.

దీని అసలుది పాత రోజుల్లో
మా సమష్టి పొలాల మీద ఎరువు చల్లేది.
రెండంతస్తుల రెక్కలు, బొద్దు ముక్కు.
దాని మెకానిక్ ఇతనే. పంకా తిప్పి, అద్దం తుడిచి,
పక్కకి తప్పుకునేవాడు.
ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ ఎక్కించుకోలేదెవరూ.
అడగలేదా అంటే,
"అడిగితే ఎక్కించేవాళ్ళేమో" అన్నాడు,
జిగురు సీసా మూత వెతుక్కుంటూ.

ఇది అందులో ఐదో వంతు.
బట్ట తొడిగి ఇస్త్రీపెట్టె నా చేతికిచ్చాడు.
చొక్కా మీద రుద్దినట్టు కాదు, విర్వె,
పసిబిడ్డ నుదురు తాకి చూసినట్టు.
ముడతలన్నీ బిగుసుకుని
వేలితో కొడితే డప్పులా పలికింది.

ముక్కులో బరువు చాలలేదు.
సరస్సు మీద చేపలు పట్టే ఊలో
చిరిగిన వలలోంచి సీసం గుండ్లు కోసిచ్చాడు,
తిరిగి ఇవ్వాలని గట్టిగా చెప్పి మరీ.

ఫిబ్రవరి ఆదివారం. మూర మందం మంచుగడ్డ.
చక్రాల చోట చెక్క స్కీలు.
రిమోటు పట్టుకుని నేను వెనక్కి వెనక్కి నడుస్తుంటే
తోక చుక్కాని ఊగిన ప్రతిసారీ
అతను టోపీ ఎత్తి చూపాడు.
కట్టెలు కోసే రంపపు ఇంజను
రెండుసార్లు దగ్గి, అందుకుంది.
బక్కెట్ల మీద కూర్చున్న జాలరులు
చేపలు బెదురుతాయని గొణిగారు.
ఎంత పరుగని! పది బారలు. అంతే,
మంచుకీ దానికీ మధ్య వెలుగు కనబడింది.

పోయేటప్పుడు సులువే. మన కుడి దానికీ కుడే.
అవతలి గట్టు మీద మలుపు తిరిగి
ఎదురుగా వస్తుంటేనే
చేతులు అబద్ధమాడతాయి.
వంటింటి బల్ల మీద చెక్కబొమ్మతో నేర్పాడు నాకు:
లెక్కలు కట్టకు. ఏ రెక్క వాలితే
ఆ వైపే కర్ర తొయ్యి,
ఒరిగే కంచెకి గుంజ ఆనించినట్టు.

సరిగ్గా అప్పుడే సూర్యుడిలోకి దూరింది విమానం.
పైనుంచీ వెలుగే, మంచులోంచీ వెలుగే.
"కనబట్టం లేదు. ఏ రెక్క?"
"ఎడమది!"
"నీ ఎడమా, దాని ఎడమా?"
"మనది!"
తోశాడు.
"ఇంకా. ఇంకొంచెం. చాలు. ఇప్పుడు కుడికి, చిటికెడు."
ఎవరి కళ్ళో, ఎవరి బొటనవేళ్ళో,
నల్లటి గీత ఒకటి మెల్లగా సమమై,
రెండు గీతలై, నడుమ బొద్దు ముక్కై
మా మీదికే వచ్చింది.

దిగింది. స్కీ ఒకటి విరిగి
కింది రెక్కతో మంచుని గీసుకుంటూ గీసుకుంటూ
ఊలో బక్కెట్టుకి జానెడు దూరంలో ఆగింది.
ఊలో లేవలేదు. గాలం వైపే చూస్తూ,
"నా సీసం తెచ్చిచ్చారన్నమాట" అన్నాడు.

పెద్ద రెక్కని చెరో కొసా పట్టుకుని ఇంటికి నడిచాం.
సగం దారిలో హెల్దూర్ వైపు
కొంచెం కిందికి జారింది.
నేనేమీ అనలేదు.
నా కొస కూడా అంతే దించాను.

కిటికీ ఇంకా ఊడదీసే ఉంది.
లోపల పనిబల్ల మీద,
మూత దొరకని జిగురు సీసా మీద,
గాలికి ఎగిరొచ్చిన మంచు.