మస్తానయ్య పంచిన ముక్కలు

బ్రిడ్జికి పోవాలంటే
ఆటోని పెన్న వైపు తిప్పాడు కుర్రాడు.
"ఆ బ్రిడ్జి కాదబ్బయా, స్టోన్‌హౌస్‌పేట.
బియ్యం కొట్ల వెనక, మిద్దె మీద."
నా ఒళ్లో సంచి గలగలమంది.
అద్దంలోంచి చూసి గొంతు తగ్గించాడు:
"పేకాటా సార్?"

పేకాటే.
పైసా లేని పేకాట, ఏడు బల్లల పేకాట.
నాకొచ్చిన ముక్కలే బల్ల మారి
నీకూ వచ్చే పేకాట.
ఇస్పేటు ఆసు రాలేదని
తలరాతను తిట్టుకునే వీలు ఇక్కడ లేదు.
నేను రెండు పట్లు తగ్గి మునిగిన చేతితోనే
ఖుర్షీద్ టీచరు
నాలుగు ఆఠీన్లు చేసి, కళ్లజోడు తుడుచుకుంటూ పోతుంది.

మేమొచ్చేది మూడింటికి.
మస్తానయ్య ఒంటిగంటకే వచ్చి
కిటికీలు తీసి, బల్లల మీద ఆకుపచ్చ గుడ్డలు దులిపి
కూర్చుంటాడు కింద, చాప మీద.
సహకార బ్యాంకులో ముప్ఫయ్యేళ్లు
నోట్లు లెక్కపెట్టిన బొటనవేలు
పదమూడు, పదమూడు, పదమూడు, పదమూడు.
పలకకు నాలుగు జేబులు, ఇరవై నాలుగు పలకలు.
అంచున ఎర్రరంగు పెచ్చులూడితే
కోడలి గోళ్లరంగు తెచ్చి పూశాడు.

ఏ జేబులో ఏముందో కాగితమ్మీద రాసేదీ ఆయనే.
అన్ని చేతులూ చూసినవాడు
ఏ బల్ల దగ్గర కూర్చోగలడు?
అందుకే పదకొండేళ్లుగా నిలబడే ఉన్నాడు.
"డైరెక్టర్!" అని ఎవరో అరుస్తారు,
చెప్పుల చప్పుడు లేకుండా వస్తాడు,
తప్పెవరిదో చెబుతాడు, తప్పు చేసినవాడి మొహం చూడకుండా.

ఒకసారి కొత్త ఎస్సై మెట్లెక్కి వచ్చి
డబ్బేదీ, డబ్బేదీ అని గుడ్డలన్నీ ఎత్తాడు.
టీచరు లెక్కల కాగితం ముందు పెట్టి
సగం సగం మార్కులెలా వస్తాయో
బ్లాకుబోర్డు లేకుండానే పాఠం చెప్పింది.
ఆయన టీ తాగి పోయాడు.
పోతూ ఇంకో పాఠానికి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు.

ఈసారి వార్షికోత్సవానికి శాలువా అన్నారు సెక్రటరీ.
"శాలువా నాకెందుకు సార్, నెల్లూరు ఎండకి.
రెండో ఫ్యాను బాగు చేయించండి."
చేయించాం.
ఇంకోటి కూడా చేశాం, ఆయనకి చెప్పకుండా.
రాత్రి మా ఇంట్లో, తలుపేసుకుని, దొంగల్లా
పలకలన్నీ మేమే పంచాం.
అదీ, సంచిలో గలగల.

దక్షిణం కుర్చీలో కూర్చోబెట్టాం.
మేనేజరు కుర్చీలో కూర్చున్న బంట్రోతులా
అంచు మీదే కూర్చున్నాడు.
ఎదురుగా ఖుర్షీద్ టీచరు.
ముక్కలు తీసి, ముందు లెక్కపెట్టి,
తర్వాతే విప్పి చూశాడు,
కోడిపిల్లని గుప్పిట్లో పట్టుకున్నట్టు.
ఒక ఇస్పేటు, అన్నాడు. గొంతు వణికింది.

మూడో పలక నడుస్తుండగా
అయిదో బల్ల నుంచి కేక:
"డైరెక్టర్!"
అందరం ఆయన వైపే చూశాం.
ఆయన తన ముక్కలు బోర్లించి
మీద టీ సాసరు పెట్టి లేచాడు.
ఉత్తరం జేబులో పధ్నాలుగు, తూర్పులో పన్నెండు.
"ఎవరు పంచారిది?"
ఎలిమెంటరీ బళ్లోలాగా చెయ్యెత్తాను.
"లెక్కపెట్టాలబ్బయా," అన్నాడు,
అంతకంటే ఏమీ అనలేదు.

ఏడు జంటల్లో అయిదో స్థానం వచ్చింది వాళ్లకి.
టీచరు చదువుతుంటే మళ్లీ ఒకసారి చదవమన్నాడు.
ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
బీపీ మాత్రల పక్కన, జేబులో.
మలైకాజా వద్దన్నాడు, సుగరట.
తర్వాత ఎవరూ చూడకుండా సగం తిన్నాడు.

మేం మెట్లు దిగుతుంటే
పైన కొత్త ఫ్యాను కింద ముక్కలు కలుపుతున్న చప్పుడు.
వీధి చివర అదే ఆటో.
"ఎంతొచ్చింది సార్ ఈవేళ?"
"పధ్నాలుగు," అన్నాను.