కుట్టేసిన జేబులు

మిల్వాకీలో మోకాలి లోతు మంచు.
అన్న కోటు జేబులు రెండూ
అమ్మ నల్లదారంతో కుట్టేసింది.
"చేతులు బయటే ఉండాలి, ఒమారీ.
వాళ్ళకి కనపడాలి."
"వేళ్ళు కొంకర్లు పోతాయే!"
నవ్వాడు. పదిహేడేళ్ళు, ఒక పన్ను వంకర.

బస్టాపు దగ్గర మూడు తూటాలు.

రిపోర్టులో రాసుకున్నారు:
జేబులో చెయ్యి పెట్టాడు,
ప్రాణభయం వేసింది.

ఆరు నెలలకి కోటు తిరిగిచ్చారు, కాగితం సంచిలో.
నెత్తురెండి బిరుసెక్కిన గుడ్డ మీద
వేలితో తడుముకుంటూ పోయాను.
ఒక్క కుట్టూ ఊడలేదు.

అమ్మ ఇప్పుడు సూది ముట్టదు.
నా బొత్తాం ఊడి వారమైంది.

రేపు విచారణ.
గొంతు వణుకుతుంది, నాకు తెలుసు.
అందుకే ఎక్కువ మాట్లాడను.
కోటు బల్ల మీద పరిచి
ఒక్కటే అడుగుతాను:
ఏదీ,
మీరు పెట్టి చూపించండి సార్.