వెనక పోర్షన్, ఏప్రిల్ నెల

ఇరవైరెండేళ్లు వేబిల్లు రాసిన చెయ్యి ఇది.
కర్నూలు నుంచి ఆదోని, ఆదోని నుంచి కర్నూలు,
కోడుమూరు దాటేలోపల లెక్క కుదరాల:
కూర్చున్నోళ్లు ఎంతమంది, చిరిగిన టికెట్లు ఎన్ని.

అట్లాంటిదాన్ని,
కల్లూరులోని మా మూడు పోర్షన్ల ఇంటికి
మద్దిలేటి ప్రతి నెలా పంపే కాగితాన్ని
ఏడాదిపాటు అడుగు గీత కిందే చదివినా.
బ్యాంకులో పడింది ఇంత. సరే.
మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేదాన్ని.

మోకాలు ఆపరేషనై నంద్యాలలో మంచం మీదున్న నెల
మొదటిసారి పైనుంచి దిగుతా వచ్చినా.

రావలసిన బాడుగ ఇరవైఒక్కవేల ఐదునూర్లు.
వచ్చింది పదహారువేల ఐదునూర్లు.
ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకుంటి.
సీట్లు యాభై ఉన్నంత మాత్రాన
కలెక్షను యాభైమందిది అవుతుందా?

మద్దిలేటి కూలి నూటికి ఎనిమిది,
వచ్చినదాని మీదే. న్యాయమే,
ఖాళీ సీటుకు నేనూ ఏనాడూ టికెట్ కొట్టలేదు.
మోటారు రీవైండింగు రెండువేల ఎనిమిదినూర్లు.
నీళ్ల ట్యాంకర్లు రెండు, పన్నెండునూర్లు.

ఇంకో పక్కన ఇరవైఏడువేలు!
గుండె ఒక్క క్షణం పొంగింది.
ముందు పోర్షనోళ్ల అడ్వాన్సు.
నాది కాదు.
చిల్లర లేక టికెట్ వెనక రాసిచ్చిన బాకీ లాంటిది,
బ్యాగులో ఎంత గలగలమన్నా
దిగేటప్పుడు చెయ్యి చాపుతారు.

వెనక పోర్షన్: ఖాళీ. బాడుగ సున్న.
మూడు గీతల కింద
అదే వెనక పోర్షన్ కరెంటు, తొంభైనాలుగు యూనిట్లు,
నాలుగునూర్ల పది.

ఖాళీ గదిలో ఫ్యాను ఎవరికి తిరిగినట్టు?
చివరి సీట్లో నిద్ర నటించే మనిషిని
మెట్ల కాడినుంచే పట్టేదాన్ని నేను.

ఫోన్ చేస్తే
మద్దిలేటి మొదట మీటరు మీదికి తోసినాడు,
ఆనక వైరింగు మీదికి,
ఆనక గొంతు తగ్గించినాడు.
"ఆలూరు నుంచి ఉరుకుందమ్మని, అక్కా.
మొగునికి పెద్దాస్పత్రిలో కాలు తీసేసినారు.
వరండాలో పండుకుంటాంటే చూడలేక తాళం ఇచ్చినా.
రూపాయి తీసుకోలేదు, ఒట్టు."

తీసుకున్నాడో లేదో కాగితం చెప్పదు.
అంకె ఉన్నచోటే దానికి నోరు.
మిగతాది మనిషి గొంతులో వినాల.
విన్నా. సగం నమ్మినా.

"జూన్ దాకా ఉండనీ" అంటిని.
"అయితే ఖాళీ అని రాయొద్దు."
"మరేం రాసేదక్కా? దానికి గడి లేదే."
"గీసుకో."

మే నెల కాగితం రెండు దినాలు ఆలస్యంగా వచ్చింది.
కరెంటు నూటపది యూనిట్లు.
వెనక పోర్షన్ ఎదురుగా సున్న కొట్టేసి
నీలం పెన్నుతో, వంకర అక్షరాల్లో:
పాసు, ఒకటి.

అద్దాలు తుడుచుకొని
పై గీత నుంచి మళ్లీ కూడినా.
ట్యాంకర్ల కాడ
నలభై రూపాయలు తప్పు కూడినాడు.